రెండేసి పడిన అక్షరాలు

నేను చదివిన ఆదోని కంప్యూటర్ సెంటర్‌లో నెట్ లేదు. అందుకే పిల్లలు చూసుకునేందుకు, యూనిక్స్ కమాండ్లను వివరించే మాన్యువల్ పేజీలను శుభ్రమైన టెక్స్ట్ ఫైళ్లుగా మార్చి రేపు పొద్దున ఇస్తే అక్కడే ఉద్యోగమన్నారు. మార్చాను. సాయంత్రం ఎమ్మిగనూరు వచ్చి ఇంట్లో తెరిచి చూస్తే, ప్రతి శీర్షికలో, ప్రతి కమాండ్‌లో ఒక్కో అక్షరం రెండేసి సార్లు పడి ఉంది! ఏడుపు ఆపుకుంటూ చేత్తో చెరుపుతుంటే, పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేసే అమ్మ పక్కన కూర్చుంది. అమ్మ బడికి పోలేదు.

"ఒకే మాదిరివి రెండుంటే ఒకటి తీసేసేదే కదా పాపా? పత్తిలో సెత్త ఏరినట్ల. జరుగు, నేనూ సూస్తా."

"వందల ఫైళ్లుండాయి మా!"

"ఏడిస్తే తగ్గుతాయా?"

ఇప్పుడు అమ్మ వేలితో చూపిస్తోంది, నేను చెరుపుతున్నాను. మొదటి ఫైలే సగం కాలేదు. అన్నీ ఒకేసారి బాగుచేసే కమాండ్ ఎవరికైనా తెలిస్తే చెప్పండి. నేను ఆపినా అమ్మ ఆపేటట్లు లేదు.