ఉలవలు ఉడికిన గంజు

"...గుర్రానికి ఉలవలు ఉడకబెట్టిన గంజుల మా అత్త దినాల బువ్వ వండాల్నా, రాజమల్లు మామా? మీ అమ్మ దినాలైతే గిట్లనే వండుతుంటివా?"

రత్నాబాయి అరుపుకు ఆ కూలీల చాల్ రెండంతస్తుల వరండాలూ జనంతో నిండాయి. కింద మోరీ పక్కన పెద్ద రాగి గంజు. దాని అడుగున ఉలవలు ఇంకా అంటుకునే ఉన్నాయి. మెట్ల కింద గుర్రం.

రాజమల్లు టోపీ సర్దుకున్నాడు. "గుర్రం రోజూ స్నానం చేస్తది. మీరు చేస్తున్నరా?"

నవ్వింది అతనొక్కడే.

ఆ గంజు కులపంచాయితీది. బొంబాయి కామాటిపురలోని వాళ్ల కులపోళ్లకు పెళ్లయినా, చావయినా అన్నం అందులోనే ఉడకాలి. అది ఉండే గది తాళంచెవి పెద్దమనిషి ఇంట్లో ఉంటుంది. రాజమల్లు తాత గోడలు కట్టి, ఊరి నుంచి వచ్చినవాళ్లకు పని చూపించి ఆ పెద్దరికం సంపాదించాడు. తండ్రి నిలబెట్టాడు. రాజమల్లుకు ఊరికే వచ్చింది.

కుర్రతనంలో అతను మహాలక్ష్మి రేసుకోర్సు దగ్గర ఒక ఇంగ్లీషు లార్డు గుర్రాలకు మాలీసు చేసేవాడు. ఆ దొర పొద్దున గుర్రాలను చూసుకుని, మధ్యాహ్నం గవర్నరు కౌన్సిల్లో కూలీల ఇళ్ల గురించి మాట్లాడేవాడు. ఒక్క కూలీ ఇంటి గడపా తొక్కలేదు. స్వాతంత్ర్యం రాగానే గుర్రాలను అమ్మి ఓడెక్కాడు. రాజమల్లుకు ఒక పాత టోపీ, ఒక ఫోటో మిగిలాయి.

ఆ తర్వాత రాజమల్లు ఏ పనికీ నడుం వంచలేదు. "దొర చేతికి మట్టంటదు" అనేవాడు. భార్య మంగళ బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. ఆమె సంపాదన ఆదివారాలు రేసులకు పోయేది.

ఎనభై అయిదులో కార్పొరేషన్ ఎన్నికలు వచ్చాయి. రాజమల్లు నిలబడ్డాడు. పరుగుకు పనికిరాదని లాయంవాళ్లు వదిలించుకున్న ముసలి గుర్రాన్ని ఊరేగింపుకని తెచ్చాడు. దాని మీద కూర్చునే గల్లీలో ఓట్లడిగాడు. నల్లా నీళ్ల సంగతి ఎవరో ఎత్తితే, "గెలిచినంక చూస్త" అన్నాడు పైనుంచే. దాణా ఉడకబెట్టడానికి ఇంట్లో సరిపడే గిన్నె లేకపోతే పంచాయితీ గది తాళం తీశాడు.

తెల్లవారితే రత్నాబాయి అత్త దినాలు. పంచాయితీలో వయసులో పెద్దయిన వెంకటయ్య మధ్యలోకి వచ్చి చిన్న తీర్పే చెప్పాడు.

"అందరి ముందల నీ చేతులతోని తోము, రాజమల్లూ. కళాయి మేం పెట్టిస్తం. ముచ్చట గిక్కడికే ఖతం."

"తోమకుంటే?"

"తాళంచెవి ఇచ్చెయ్యాలె. పెద్దరికం గూడ."

రత్నాబాయి ఇంట్లోకి వెళ్లి చింతపండు ముద్ద తెచ్చి అతని ముందు పెట్టింది. గొంతు తగ్గించింది. "తోము మామా. రేపు మొదటి ఆకు నీకే వేస్త."

రాజమల్లు ముద్ద వైపు చూడలేదు. "కార్పొరేటర్ గంజులు తోముతడా?"

"ఇంక కాలేదు గద!" అన్నారెవరో పై వరండాలోంచి. "గా గుర్రం గూడ నీకు ఓటెయ్యది!"

ఈసారి చాల్ అంతా నవ్వింది. రాజమల్లు తలెత్తకుండానే కేకేశాడు. "మంగళా! కిందికి రా. గిది తోము."

నవ్వు ఆగింది. మంగళ బీడీల చాట పక్కన పెట్టి, ఇంట్లోకి వెళ్లి, కాసేపటికి మెట్లు దిగి వచ్చింది. వంగి చింతపండు ముద్ద తీసి రత్నాబాయి చేతిలో తిరిగి పెట్టింది. రోజూ దొర ఫోటో కింద మేకుకు వేలాడే తాళంచెవి ఇప్పుడు ఆమె కొంగుకు ముడేసి ఉంది. ముడి విప్పి వెంకటయ్యకు ఇచ్చింది.

"నేను తోమ, వెంకటన్నా. ఇది మీరే పెట్టుకోండ్రి. రేపు రత్న ఇంట్ల నేను తింట. ఆయన ముచ్చట నాకెరుక లేదు. రేపటి సంది మా ఇంట్ల పొయ్యి ముట్టియ్య."