ముగ్గు గీతల మధ్య వాకిలి

మొన్న ఆదోని మార్కెట్ యార్డులో పత్తి తూకం దగ్గర ఉండగా ఫోన్ వచ్చింది. ఎమ్మిగనూరులో మా పెద్దమ్మ పోయిందట. బస్సెక్కి కూర్చున్నాక దారిపొడుగునా ఆమె కట్టని ఇల్లే నా కళ్ల ముందు కదిలింది.

పెద్దమ్మది గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలో కాళ్లు దించుకుని నేయాలి. అద్దె ఇల్లు మారినప్పుడల్లా ఒక గుంత పూడ్చి, ఇంకోటి తవ్వుకునేది. ఎవరూ పూడ్చమనని గుంత ఒకటి ఉంటే చాలనేది. ఊరి బయట ప్రభుత్వం సెంటున్నర స్థలం ఇచ్చిన రోజు ఆమె ముఖం చూడాలి.

ఇళ్ల ఇంజనీరు మంచివాడే. "నల్లరేగడి నేలమ్మా. లోపల గుంత తీస్తే గోడలు పగులుతాయి, రూలు ఒప్పుకోదు. మగ్గానికి వేరే షెడ్డు అడుగు" అన్నాడు. షెడ్డు ఇచ్చే ఆఫీసులో, సొంత ఇల్లు లేచాకే షెడ్డు అన్నారు. ఇల్లు లేస్తే ఆ సెంటున్నరలో షెడ్డుకు చోటెక్కడిది? అందరూ ఆమె మేలే కోరారు. ఇల్లు మాత్రం లేవలేదు.

పునాదికి పోసిన ముగ్గును వాన చెరిపితే, పెద్దమ్మ మళ్లీ పోసుకునేది. ఒక సాయంత్రం నేను గీత దాటి లోపలికి వెళ్లబోయాను.

"గోడలోంచి వస్తాండావేమప్పా? అట్లా తిరిగి వాకిట్లోంచి రా."

నవ్వుకుంటూనే తిరిగి వెళ్లాను. ఆమె మగ్గానికని అనుకున్న చోట కాళ్లు చాపుకుని కూర్చుంది. "ఈడ కూసుంటే పొద్దున ఎలుతురు నూలు మీదే పడుతాది" అంది. పాదాలు మెల్లగా, ఒకదాని తర్వాత ఒకటి, నేయడానికన్నట్టు కదులుతున్నాయి. మసక వెలుతురులో కాసేపు నాకూ గోడలు కనపడ్డాయి, గోడ మీద ఆమె నీడ కూడా.

నాకు ఆఫీసుల మీద మంటగా ఉండేది. ఆమె కసురుకునేది. "వాళ్లు మన మంచికే సెప్తాండారు లేప్పా. మంచికి రొంత టైము పడుతాది."

అంత టైము ఆమెకు లేకపోయింది.

శ్మశానానికి పోతూ, పెద్దమ్మను కాసేపు ఆ గీతల మధ్య దించాం. ఇంజనీరు పూలదండతో వచ్చాడు. గీత దాటి అడ్డంగా వస్తే నాలుగడుగులే. ఆయన గీత దగ్గర ఆగి, చుట్టూ తిరిగి, వాకిలి వదిలిన చోటికి వచ్చాడు. లేని గడప బయట చెప్పులు విడిచి, తల కొంచెం వంచి లోపలికి నడిచాడు.