పత్తి మొగ్గ లోపలి గిన్నె

ఆదోని నుంచి రోజూ బస్సులో ఎమ్మిగనూరు వెళ్లి అక్కడి జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. ఒకరోజు పూల భాగాల పాఠానికి పత్తి మొగ్గలు తీసుకెళ్లాను. మొగ్గను కప్పి ఉన్న మూడు రంపపు అంచుల ఆకులు చూపించి, "ఇవే రక్షక పత్రాలు" అన్నాను. అందరూ బొమ్మ గీసుకున్నారు.

మర్నాడు ముందు బెంచీ అమ్మాయి క్లాసయ్యాక ఆగింది. వాళ్లమ్మ విత్తన పత్తి చేలో క్రాసింగ్ పని చేస్తుంది. అంటే మొగ్గలోని పుప్పొడి తీసేసి, మర్నాడు వేరే రకం పుప్పొడి అద్దే పని.

"మేడం, నా బొమ్మ సూసి మాయమ్మ తప్పంటాండాది. ఆ మూడాకులు వేరేనంట. లోపల ఇంకోటి ఉందంట."

నాకు సిగ్గేసింది. ఎప్పుడో చదివిన పాఠమే తప్ప, పత్తి మొగ్గను నేను ఏనాడూ విప్పి చూడలేదు. ఆదివారం ఆ అమ్మాయి వెంట వాళ్ల ఊరి చేనుకు పోయాను.

వాళ్లమ్మ గట్టు మీద తువ్వాలు పరిచి కూర్చోబెట్టింది. ఒక మొగ్గను వంచి, "ఈ మూడాకులు మేం తుంచం మేడం. ఇవి పోతే పిందె ఎండిపోతాది. ఇప్పుడు సూడండి" అంది. ఆకులు వెనక్కి మడిచి, బొటనవేలి గోరు మొగ్గ అడుగున దించి, చుట్టూ తిప్పి లాగింది. లేత ఆకుపచ్చ గిన్నె ఒకటి, రేకులూ పుప్పొడీ సహా, ఊడి వచ్చింది. దాని మీద సన్నని నల్లచుక్కలు. ఐదు పత్రాలు అంటుకుపోయి గిన్నె అయ్యాయి. అసలు రక్షక పత్రాలు అవే.

"దీన్ని మీరేమంటారు?" అని అడిగాను.

"పేరేముంది మేడం, గిన్నె అంటాం. గోరు లోతుకు దిగితే పిందె పోతాది. నేర్చుకునేటప్పుడు శానా పాడు చేసినాను."

నేనూ ప్రయత్నించాను. మూడు మొగ్గలు పాడయ్యాయి. నాలుగోది సరిగ్గా వచ్చింది. "వచ్చినాది కదా" అని ఆమె నవ్వింది.

సోమవారం క్లాసులో నా తప్పు చెప్పి, పై మూడాకులను పుచ్ఛాలంటారని దిద్దాను. ఇంటి నుంచి పువ్వో కాయో ఒక్కొక్కటి తెమ్మంటే వంకాయలు, టమాటాలు, మందారాలు వచ్చాయి. వంకాయ ముచ్చిక కూడా రక్షక పత్రాలేనని, అది కాయతో పాటే పెరుగుతుందని చెబితే ఎవరూ నమ్మలేదు. పిందె, ముదురుకాయ పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే నమ్మారు.

చేలో పని లేని ఒక రోజు ఆ తల్లిని క్లాసుకు పిలిచాను. కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే, మొగ్గ తర్వాత మొగ్గ విప్పి చూపించింది. నేను వెనక బెంచీలో కూర్చుని విన్నాను. ఆ గంట నాకు ఎంతో హాయిగా గడిచింది.