కల్లం పట్టాలో కాన్పు నీళ్ళు

నీళ్ళలో కాన్పు అని మా వదిన ఫోన్లో చెప్పినప్పుడు, మా ఇంట్లో కథలల్లే పని నాది కదా, ఈవిడెప్పుడు మొదలుపెట్టింది అనుకున్నాను. నిజమేనట. మా అన్నయ్య కూతురు రెండో కాన్పుకి ఆసుపత్రికి వెళ్ళనంటోందట. ఇంట్లోనే, గాలి ఊదే పెద్ద రబ్బరు తొట్టిలో గోరువెచ్చటి నీళ్ళు నింపుకుని, అందులో కూర్చుని కంటుందట. ఆ పనిలో శిక్షణ ఉన్న నర్సమ్మ గుంటూరు నుంచి వస్తుంది. పరీక్షలన్నీ అయ్యాయి, బిడ్డ తల కిందికే ఉంది. సత్తెనపల్లిలో డాక్టరమ్మకి చెప్పి ఉంచారు. ఏమన్నా తేడా వస్తే పావుగంటలో అక్కడుండేలా అల్లుడు కారు గుమ్మంలోనే పెట్టుకుని ఉంటాడు. ఇవన్నీ చెప్పి వదిన, "నువ్వు కూడా రా అమ్మాయ్. వచ్చి నోరు మాత్రం తెరవకు" అంది.

ఆ చివరి మాటకి కారణం ఉంది. నేను పొన్నూరు కోడల్ని. ముప్పై ఏళ్ళుగా వరిచేల మధ్య కాపురం. పుట్టిల్లు మాత్రం సత్తెనపల్లి అవతల, పత్తీ మిరపా తప్ప మరోటి ఎరగని నల్లరేగడి మీద. కిందటేడు మిరపకోతలప్పుడు అక్కడికెళ్ళి, కాయలు ఆరబోసే కల్లంలో తాలుకాయలు ఏరీ ఏరీ నడుం పడిపోయి, కాయల రాశిలోకి తాచుపాము దూరడం నా కళ్ళతో చూశానని చెప్పాను. కేకలేమీ పెట్టలేదు. నెమ్మదిగా, పడగ మీది మచ్చతో సహా చెప్పాను. కూలీలు రాశి దగ్గరికి పోతే ఒట్టు. అన్నయ్య పక్కూరి నుంచి పాములు పట్టేవాణ్ణి పిలిపించి రాశంతా తిరగేయించాడు. సాయంత్రం దాకా పట్టింది. అంతసేపూ నేను వేపచెట్టు కింద నడుం వాల్చాను. పాము దొరకలేదు, నేను దొరికిపోయాను. అప్పట్నుంచి ఆ ఇంట్లో నేను మబ్బు పట్టిందని చెప్పినా "ఇంకో తాచుపామా" అంటారు.

నొప్పులు మొదలయ్యే ముందురోజు నేను బస్సు దిగి ఇంటికెళ్ళేసరికి రబ్బరు తొట్టి ప్రాణం పోయి ఉంది. అన్నయ్య దాన్ని దొడ్లో ఊది చూశాడట. బాగానే నిలబడిందట. కడగడానికి కుళాయి దగ్గరికి ఈడ్చుకెళ్తుంటే పక్కన పీకి పోగేసిన పత్తికట్టె. మేకుకైనా కాస్త దయ ఉంటుంది గానీ పత్తికట్టె మొనకి ఉండదు. తొట్టి అంచు జానెడు చీలి గాలంతా పోయింది. అతికిస్తే నిలవలేదు. మడిచి అటకెక్కించాడు.

"తొట్టి అంటే ఏముంది, గట్టూ అడుగూనేగా" అన్నాడు. ఇంటి పనిలో మిగిలిన ఇసుకని గోతాలకెత్తి, ముందుగదిలో గుండ్రంగా నడుమెత్తున పేర్చి, లోపల పెద్ద నీలం పట్టా పరిచాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. నేను కూడా మెచ్చుకున్నాను.

మర్నాడు ఎనిమిదింటికి నర్సమ్మ వచ్చింది. నాకన్నా చిన్నది. మాట మెత్తన, చూపు గట్టి. గోతాలు నొక్కి చూసి, "పట్టా బాగా కడిగారాండీ?" అని అడిగింది.

"సబ్బుపొడేసి రెండుసార్లమ్మా. చీపురుతో రుద్ది రుద్ది" అన్నాడు అన్నయ్య.

ఆవిడ తల ఊపి ఒక్క షరతు చెప్పింది. ఈ నీళ్ళలో తల్లి తప్ప ఇంకెవరూ కాలు పెట్టకూడదు. పెడితే ఆ నీళ్ళు పారబొయ్యాల్సిందే.

బయట పత్తికట్టెల మంట మీద రెండు గంగాళాల నిండా నీళ్ళు కాగుతున్నాయి. నేనూ వదినా బిందెలతో మోస్తున్నాం. అన్నయ్య చన్నీళ్ళ గొట్టం పట్టుకుని వేడి సమం చేస్తున్నాడు. నిండడానికి రెండు గంటలు పట్టింది. అమ్మాయి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. మొదటి కాన్పులో తనని పొద్దస్తమానం వెల్లకిలా పడుకోబెట్టి పక్కకి కూడా తిరగనివ్వలేదు. నొప్పికన్నా ఆ కదలలేకపోవడమే తనకి గుర్తుండిపోయింది. "ఈసారి నా నడుం నా చేతిలో ఉండాలత్తా" అంది పొద్దున నా చేత జడ వేయించుకుంటూ. ఇప్పుడు మాటలు తగ్గిపోయాయి. నొప్పి వచ్చి వెళ్ళినప్పుడల్లా, "నీళ్ళయ్యాయా" అని మాత్రం అడుగుతోంది.

ఆఖరి బిందె పోసి, వేడి చూద్దామని మోచేతి దాకా ముంచాను. హాయిగా ఉంది. చెమట పోస్తుంటే అదే చేత్తో మూతి తుడుచుకుని, వదిన ఇచ్చిన మజ్జిగ తాగుతున్నాను. రెండు గుక్కలయ్యేసరికి పైపెదవి చురుక్కుమంది. తర్వాత గోళ్ళ మూలలు. ఆ తర్వాత ముక్కు పక్కన. ఆ మంట నాకు కొత్తది కాదు. పెళ్ళయ్యేదాకా దానిలోనే పెరిగాను.

గ్లాసు కింద పెట్టాను. "అన్నయ్యా, ఈ పట్టా కల్లానిదా?"

"కల్లానిదే. కడిగానుగా."

"చన్నీళ్ళతోనా?"

"లేదు, పన్నీటితో."

"నీళ్ళలోకి కారం దిగింది. చెయ్యి మండుతోంది."

అన్నయ్య మోచేతి దాకా ముంచి కలియతిప్పాడు. ఏమీ లేదన్నాడు. వదిన కూడా ముంచింది. "వెచ్చగా హాయిగా ఉన్నాయి. పొన్నూరు చేతులమ్మా అవి, పెరుగన్నం కలుపుకున్నా మండుతాయి."

"మూతి కూడా మండుతోంది వదినా."

"అది ఎప్పుడూ మండేదేగా."

వాళ్ళ తప్పు కాదు. మూడు నెలలుగా కల్లంలో కాయల మధ్య ఉన్న చేతులవి. మిరపకాయ వాటినింకేమీ చెయ్యలేదు. ఫిబ్రవరి నుంచి ఇంటిల్లిపాదీ తుమ్ముతూనే ఉన్నారు కాబట్టి గాలిలో ఘాటుందన్నా అక్కడది వార్త కాదు. చన్నీళ్ళకి పోకుండా పట్టా మడతల్లో దాక్కున్న కారం, వేడినీళ్ళు తగలగానే ఇప్పుడు బయటికొస్తోంది.

నర్సమ్మ ఇటు తిరిగింది. "ఏంటండీ?"

"ఏం లేదమ్మా. మా చెల్లెలు. దానికి పాములు కనపడుతుంటాయి" అన్నాడు అన్నయ్య.

ఆవిడ తొడుగున్న చేత్తో నీళ్ళలో థర్మామీటరు ముంచి చూసింది. "సరిగ్గా ఉన్నాయి. రామ్మా, దిగుదువు గాని" అంది అమ్మాయితో. థర్మామీటరుకి వేడి తెలుస్తుంది గానీ కారం తెలుస్తుందా?

నేను వదిన రెక్క పట్టుకున్నాను. "చేత్తో కాదు వదినా చూడాల్సింది. కల్లంలో పనిచేసి చేతులు కడుక్కోకుండా ఒంటికెళ్ళిన ఆడదానికి ఏమవుతుందో నీకు తెలీదా? పిల్ల నడుం లోతు కూర్చోబోతోంది. బిడ్డ కళ్ళు ఆ నీళ్ళలోనే తెరుస్తుంది."

వదిన ముఖంలో ఏదో కదిలింది. కానీ పక్కన అన్నయ్య, "ఇది కూడా మచ్చలతో సహా చెబుతోంది చూడు" అన్నాడు. వదిన రెక్క విడిపించుకుంది. నా జీవితంలో ఎన్ని అబద్ధాలు నమ్మించానో నాకే లెక్క లేదు. ఒక్క నిజం నమ్మించడం చేతకావడం లేదు.

అమ్మాయి ఎత్తుపీట ఎక్కింది. ఒక కాలు ఎత్తి గోతాం మీద పెట్టింది. ఇంకో నొప్పి వస్తున్నట్టుంది, కళ్ళు మూసుకుని నర్సమ్మ భుజం పట్టుకుంది. ఆ కళ్ళు తెరిచేలోగా ఏదో ఒకటి చెయ్యాలి. ఏం చెప్పినా నమ్మరు. అప్పుడు నర్సమ్మ షరతు గుర్తొచ్చింది.

చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, గోతాల మీదుగా నేనే నీళ్ళలోకి దిగాను.

నిలబడదామనే దిగాను. పట్టా జారుడు. వెల్లకిలా పడి, తల కూడా మునిగి, కళ్ళు తెరిచి మరీ లేచాను.

"దీనికి నిజంగానే మతిపోయింది" అని వదిన గొంతు. "ఇంక ఈ నీళ్ళు పనికిరావండీ" అని నర్సమ్మ గొంతు, చాలా కోపంగా, చాలా మెల్లగా. ఆ తర్వాత అమ్మాయి గొంతు. "ఎందుకు చేశావత్తా? నేన్నీకేం చేశాను?" తను ఏడుస్తోంది.

అంతలో కళ్ళలో మంట అంటుకుంది. పిడికిళ్ళతో నొక్కుకుంటే మరింత రేగింది. తొడలు, నడుం, మెడ, ఎక్కడెక్కడ చర్మం మెత్తగా ఉంటుందో అక్కడల్లా. అన్నయ్య నన్ను రెక్క పట్టి బయటికి లాగుతూ, "చాల్లే నాటకం" అన్నాడు. నర్సమ్మ, "ఆగండి" అంది. నా రెప్ప పైకెత్తి చూసింది. తన తొడుగు ఊడదీసింది. వేలు నీళ్ళలో ముంచి కింది పెదవి లోపల రాసుకుంది. రాసుకుని నిలబడింది. ఈలోగా అమ్మాయికి ఒక నొప్పి వచ్చి వెళ్ళిపోయింది.

తర్వాత, "ఈ పట్టా మీద ఏం ఆరబోస్తారండీ?" అని అడిగింది.

వదిన చెప్పింది. "మిరపకాయలమ్మా." చెప్పి గోడకి చేరగిలబడింది.

అన్నయ్య కొడవలి తెచ్చి గుమ్మం వైపు రెండు గోతాలు లాగేసి పట్టా కోశాడు. రెండు గంటలు మోసిన నీళ్ళు గడప దాటి వాకిట్లోకి పోయాయి. అమ్మాయిని అప్పటికే లోపలిగదిలోకి తీసుకెళ్ళారు. "నొప్పులు దగ్గరపడ్డాయి. మంచం మీదే చేద్దాం" అని నర్సమ్మ అంటోంది. అమ్మాయి పడుకోనంటోంది. నేను దొడ్లో కుళాయి కింద తల పెట్టి కూర్చున్నాను. కళ్ళు విచ్చుకోవడం లేదు. వదిన వచ్చి నా ఒళ్ళంతా పెరుగు పులిమింది.

అప్పుడు లోపల్నుంచి అమ్మాయి, నొప్పికీ నొప్పికీ మధ్య రొప్పుతూ, "నాన్నా, ఆ చిరిగింది ఏది? అందులో నిలవంది గాలేగా. నీళ్ళు నిలుస్తాయిగా" అంది.

నిజమే. చిరిగింది అంచు, అడుగు కాదు. గట్టుగా ఇసుక గోతాలు ఎలాగూ ఉన్నాయి. అన్నయ్య అటకెక్కాడు. అల్లుడు కారు వదిలేసి చీపురు పట్టుకుని నేలంతా కడిగాడు. రబ్బరు తొట్టిని వేడినీళ్ళతో మూడుసార్లు కడిగారు. ప్రతిసారీ నర్సమ్మ పెదవికి రాసుకుని చూసింది. మూడోసారి "సరే" అంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు బిందెలతో వరస కట్టారు. నీళ్ళు మోకాలెత్తు వచ్చేసరికే అమ్మాయి దిగిపోయింది. "పొట్ట మునగాలి, లేకపోతే పైకి రావాల్సిందే" అని నర్సమ్మ హెచ్చరిస్తూనే ఉంది. బిందె మీద బిందె పోస్తూనే ఉన్నారు.

నేను ఇదంతా చూడలేదు. కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని, తలుపు పక్కన పీట మీద కూర్చున్నాను. అమ్మాయిని ముట్టుకోవద్దని నర్సమ్మ నన్ను దూరం పెట్టింది. నీళ్ళ చప్పుడు, బిందెల చప్పుడు, అమ్మాయి ఊపిరి. అంతే.

"అత్తా, ఉన్నావా?"

"ఉన్నానమ్మా."

"ఏదన్నా చెప్పు. ఏదో ఒకటి చెప్తానే ఉండు."

నోరు తెరవొద్దన్న వదిన కూడా "చెప్పు" అంది. నేను తాచుపాము కథ మొదలుపెట్టాను. ఈసారి పాము రాశిలోంచి బయటికొచ్చి, మీ నాన్న వైపు చూసి గట్టిగా తుమ్మింది అన్నాను. నీళ్ళలో ఏదో నవ్వులాంటిది వినపడింది. మధ్యలో ఆగిపోయి మూలుగైంది. నేను ఆపితే "ఊఁ" అంటోంది. చెబితే వింటోందో లేదో తెలీదు. పాముకి జలుబు చేయించాను. పాముని సత్తెనపల్లి మందుల షాపుకి పంపించాను. నా గొంతు ఎండిపోయింది. ఒకచోట తన నుంచి "ఊఁ" రాలేదు.

నీళ్ళు ఒక్కసారి కదిలాయి. నర్సమ్మ, "వస్తోంది, తొయ్యొద్దు, వదిలెయ్" అంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. వదిన ఊపిరి కూడా వినపడలేదు. గుడ్డ తీసి చూద్దామంటే రెప్పలు అతుక్కుపోయాయి. లోపల పది దాకా లెక్కపెట్టాను. పది దాటింది.

ఒక చిన్న తుమ్ము వినపడింది. ఆ వెంటనే ఏడుపు.

ఆడపిల్ల. ముందు తుమ్మి తర్వాత ఏడ్చింది. నేను చెప్పేదాంట్లో ఇంకేది నమ్మకపోయినా ఇది నమ్మండి, మా వదిన సాక్ష్యం.

ఇరవై ఒకటో రోజు ఉయ్యాల్లో వేస్తే మళ్ళీ వెళ్ళాను. వాకిట్లో పదిమంది చుట్టాల మధ్య కూర్చుని అన్నయ్య చెబుతున్నాడు. "నీళ్ళలో చెయ్యి పెట్టగానే నాకు అనుమానం వచ్చింది. ఏదో ఘాటుగా ఉందే అనుకున్నా. వెంటనే పట్టా కోసేశా." వింటున్నవాళ్ళు తలలూపుతున్నారు. ఎవరో నా వైపు తిరిగి, "అంతేనా?" అని అడిగారు. లోపల పిల్లకి పాలిస్తున్న అమ్మాయి తల ఎత్తి నా వైపు చూసింది, చెప్పమన్నట్టు.

నేను చెబితే ఏమంటారో నాకు తెలుసు. "అంతే" అన్నాను. "అన్నయ్య చెయ్యి మహా సున్నితం లెండి."

ఆయన కథ ఆయన చెప్పుకుంటున్నాడు. పొన్నూరులో నేను, బిడ్డ నీళ్ళలో చేపపిల్లలా ఈదుకుంటూ వచ్చి తల్లి రొమ్ము పట్టుకోవడం దగ్గరుండి చూశానని చెబుతున్నాను. ఆ రోజు దెబ్బకి కుడికన్ను ఇప్పటికీ మసకేనని కూడా చెబుతుంటాను. నిజానికి అది మూడో రోజుకే తగ్గిపోయింది.