నీళ్ళు నువ్వే తెచ్చుకో, వానత్తా

మా చిన్నప్పుడు... మృగశిర కార్తె దగ్గర పడుతుందంటే చాలు, మా అవ్వ వీధి గోడ ముందు పీట వేసుకుని కూర్చునేది. ఒక చిప్పలో ఎర్రటి జాజు రంగు, ఇంకో చిప్పలో సున్నం, చేతిలో కొస నమిలి మెత్తగా చేసిన వేపపుల్ల... అవ్వ అంటే మా నాయనమ్మ. మాది నాగిరెడ్డిపేట దగ్గర చిన్న పల్లె.

గోడను అమ్మ ముందు రోజే ఎర్రమట్టితో అలికి పెట్టేది. దాని మీద అవ్వ వాన బొమ్మ వేసేది. వాన అంటే గీతలూ చుక్కలూ కాదు... ఆడమనిషి. నడుముకు చెంగు దోపుకుని, నెత్తిన మూట, చంకన కడవ. పెళ్ళై దూరం పోయి, ఏడాదికోసారి పుట్టింటికి వచ్చే మేనత్తలా ఉండేది. అందుకే మాకు ఆమె వానత్త.

పక్కనే మిగతావాళ్ళు కూడా ఉండేవారు. ఎండ మీసాల పెద్దమనిషి, పిలవకుండానే వచ్చి మంచం మీద కూర్చునేవాడు. గాలి మా చిన్నాయన లాంటివాడు, పోయేటప్పుడు తలుపు వెయ్యడు. చలి మాత్రం గొంగడి కప్పుకున్న ముసలామె... సగమే కనిపించేది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. బొమ్మ వేసినవాళ్ళు ఆ బొమ్మను పలకరించే పాట కట్టకూడదు. పాట ఇంకొకరు కట్టాలి. అవ్వది బొమ్మ, నాది మాట. అప్పుడు నేను మూడో తరగతి. నాకు మహా సిగ్గు... అందుకని అవ్వ చెవిలో చెప్పేదాన్ని, అవ్వ రాగం తీసి పైకి పాడేది.

"తలుపు తీసి పోయినవు గాలి చిన్నాయనా
పాలు పిల్లి తాగింది, తిట్లు నాకు పడ్డయి"

పక్కింటి లచ్చవ్వ ఏటా ఒకటే అడిగేది. "కొట్టుకపోయే గోడ మీద గీస్తున్నవేందవ్వా, లోపల గోడ లేదా?"

"కొట్టుకపోవాలనే గీస్తున్న" అనేది అవ్వ.

మొదటి వానకు బొమ్మ కరిగిపోవాలి... అదే మాకు పండగ.

ఒక ఏడు బొమ్మ కరగలేదు.

మృగశిర పోయింది, ఆరుద్ర కూడా పోయింది... చెరువు అడుగు కనిపించింది. మడిలో పోసిన నారు పసుపు పచ్చబడింది. వానత్త గోడ మీద అలాగే నిలబడి సున్నం పొట్టు రాలుస్తోంది. బాపు, అంటే మా నాన్న, బొంబాయికి తాపీ పనికి పోయేవాళ్ళతో మాట్లాడుకుని వచ్చాడు. అమ్మ జొన్నరొట్టెలు చేసి గుడ్డలో కట్టింది.

బాపు సంచి తీసుకుని బయటికి వచ్చిన పొద్దున, అవ్వ నా చెయ్యి పట్టుకుని గోడ ముందు నిలబెట్టింది.

"నా గొంతు ఆమెకు పాతగయింది. ఇయ్యాల నువ్వే చెప్పు. గట్టిగ."

వాకిట్లో నలుగురూ ఉన్నారు, లచ్చవ్వ కూడా ఉంది. బాపు ఎల్లారెడ్డి పోయే బస్సు కోసం తొందరపడుతున్నాడు. అవ్వ కొంగు పట్టుకుని చుట్టూ చూశాను... గడపలో నిలబడ్డ అమ్మ చేతిలో ఖాళీ చెంబు కనిపించింది. ఇంటికి వచ్చినవాళ్ళకు ముందు కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిస్తాం కదా... అదొక్కటే తోచింది.

"గడప దాంక వచ్చినవు వానత్తా
కాళ్ళకు నీళ్ళిద్దమంటె కడవల సుక్క లేదు
ఏమనుకోకు, నీ నీళ్ళు నువ్వే తెచ్చుకో
మా బాపు పోకముందే తెచ్చుకో"

లచ్చవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "సుట్టాన్ని పిలుసుడు గిట్లనా పిల్లా? నీళ్ళు గూడ ఆమెనే తెచ్చుకోవాల్నా?"

బాపు కూడా నవ్వాడు. నా నెత్తి నిమిరి, బస్సెక్కి పోయాడు.

వాన ఆ రోజు రాలేదు. మరునాడు కూడా రాలేదు. నేను గోడ వైపు చూడడం మానేశాను...

వచ్చిన నాడు మాత్రం మిట్టమధ్యాహ్నం చీకటి చేసుకుని వచ్చింది. పరుగెత్తి చూస్తే వానత్త పాదాలు ముందు కరిగాయి... తర్వాత కడవ, చివరికి ముఖం. ఎర్ర నీళ్ళూ తెల్ల నీళ్ళూ కలిసి వాకిట్లో పారాయి. నేను గోడకు ఆనుకుని ఏడ్చాను.

"ఎందుకేడుస్తున్నవే? బొమ్మ పోయిందనా?"

"బాపు పోయినంక వచ్చింది..."

"వచ్చింది గద. ఇగ నాట్లు పడుతుంటె నీ బాపు అక్కడ నిలుస్తడా?" అంది అవ్వ, తడుస్తూనే.

నాట్ల నాటికి బాపు తిరిగొచ్చాడు. ఇంట్లోకి రాకుండానే పొలం చూసి వచ్చాడేమో, మోకాళ్ళ దాకా బురద. అమ్మ గడపలో చెంబు అందించింది. బాపు చెంబులోకి ఒకసారి చూసి, నా వైపు తిరిగాడు.

"ఇవి మీ అత్త తెచ్చుకున్న నీళ్ళేనా?"

నేను తలుపు వెనక్కి పోయి దాక్కున్నాను... నా మాట బాపుతో పాటు బొంబాయి దాకా పోయి వచ్చింది మరి.

ఇప్పుడు అవ్వ లేదు. ఆ గోడ సిమెంటు గోడైంది. నేను కామారెడ్డిలో అద్దె ఇంట్లో ఉంటున్నాను, ఓనరమ్మ గోడకు మేకు కూడా కొట్టనివ్వదు... ఇక జాజు ఎక్కడ పూసేది. వాన ఎప్పుడు వస్తుందో ఫోనే చెబుతుంది. బతిమాలి పిలిచేవాళ్ళు లేరు.

అయినా మబ్బు పట్టిన రోజు గడప బయట ఒక ఖాళీ చెంబు పెడతాను. "ఎవరన్న వస్తున్రా?" అని మా ఆయన అడుగుతాడు. నేను చెప్పను... ఇది చదివితే ఆయనకూ తెలుస్తుంది.

మా ఇంట్లో వాన మేనత్త... మీ ఇండ్లల్లో వానను ఏ వరుస పెట్టి పిలిచేవారు?