చాయ్ తాగిన లాప్‌టాప్

లాప్‌టాప్ అంటే నేను ఒకే కంపెనీది కొంట. మా ఇంట్ల అందరికీ దాని మీద ఒకటే నవ్వు. మొదటిది కొన్నప్పుడు నాకు ఆ పట్టింపేమీ లేదు. ఆ రోజు వికారాబాద్ దుకాణంల అదే ఉండె.

నేను తాండూరు బడిల టీచర్‌ని. ఒకనాడు పొద్దున రైల్ల ప్రశ్నపత్రం టైప్ చేస్తుంటే, బండి కుదుపుకు చేతిల చాయంతా కీబోర్డు మీద ఒలికింది. స్క్రీన్ నల్లబడ్డది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

పక్కన కూరగాయల గంపతో కూర్చున్న పెద్దామె కొంగుతో గబగబా తుడిచింది. "పరేషాన్ గాకు బిడ్డా, బోర్లించు. లోపలున్నదంతా కారిపోతది" అన్నది. తాండూరు వచ్చేదాకా దాన్ని ఒళ్లో బోర్లించుకునే కూర్చున్న.

బడికి పోయినంక వరండాల నాపరాయి అరుగు మీద ఆరబెట్టిన. మధ్యాహ్నం భయంభయంగా స్విచ్ నొక్కితే వెలిగింది! టైప్ చేసిందంతా భద్రంగ ఉన్నది. స్టాఫ్ రూమంతా చప్పట్లు.

"గిది ఏ కంపెనీది మేడం?" అనుకుంట లెక్కల సారు నేను చెప్పకముందే మూత మీది పేరు చదివిండు.

ఇప్పుడు వాడేది మూడోది. దుకాణమాయన వేరే కంపెనీలవి మస్తు పల్చటివి చూపిస్తడు. చూసి ముచ్చటపడత. కొనేది మాత్రం ఇదే.