ఎగరకముందే దిగిన విమానం

నిన్న ఉదయం అనకాపల్లిలో మా ఇంట్లో రాకెట్ ప్రయోగం చూద్దామని టీవీ ముందు కాఫీ గ్లాసుతో కూర్చున్నాను. రాకెట్ ఇంకా నేల మీదే నిలబడి ఉంది, అంకెలు వెనక్కి లెక్కపెడుతున్నారు. అంతలో ఫోన్‌లో మెసేజి మోగింది. బెంగళూరులో నేను ఏళ్ళ తరబడి సంపాదకుడిగా నడిపిన వైమానిక పత్రిక నుంచి వార్త. ప్రయోగం జయప్రదమైందట, ఉపగ్రహం కక్ష్యలో చేరిందట, శాస్త్రవేత్తలు ఒకరినొకరు కౌగిలించుకున్నారట. నేను టీవీ వంక చూశాను, ఫోన్ వంక చూశాను, కాఫీ ఒలికి పంచె మీద పడినా తెలియలేదు. జరగనిది జరిగినట్టు రాయడం ఏమిటని మీరు ఆశ్చర్యపోతారేమో గాని, నేను అదిరిపడింది మాత్రం అలాంటి అబద్ధాన్ని పూర్వం ఒకసారి దగ్గరగా చూసి ఉండడం వల్ల.

ఆ పత్రికలో నేను ఉపసంపాదకుడిగా చేరిన కొత్తలో అక్కడొక ఆచారం ఉండేది. కొత్త విమానం మొట్టమొదటిసారి ఎగిరే రోజున వచ్చిన అతిథుల చేతుల్లో ప్రత్యేక సంచిక ఉండి తీరాలి, రంగుల అట్ట అచ్చు కావడానికేమో రోజులు పట్టేది. అందుకని విమానం ఎగరకముందే అది ఎంత హాయిగా ఎగిరిందో, ఎంత మెత్తగా దిగిందో, దిగిన పైలట్ ఎలా నవ్వాడో కూడా, ముందే తీయించిన ఫొటోలతో సహా, రాసేసేవారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత మా ఆఫీసులోనే పుట్టిందేమో అనిపించేది నాకు. అప్పటి పెద్ద సంపాదకుడికి మాత్రం అందులో తప్పేమీ కనిపించలేదు, ఎందుకంటే అన్నీ ఎగిరాయి, అన్నీ దిగాయి. పైగా విమానంలో వెళ్ళేవాళ్ళ ఇళ్ళకి తలా ఒక ప్రతి ముందుగానే పోస్టులో పంపడం మర్యాదగా పాటించేవారు.

ఆ ఏడు ఒక చిన్న శిక్షణ విమానం తొలి ప్రయాణంలో పైలట్ వెనక కూర్చుని మీటర్లు చూసుకోవలసిన ఇంజనీరు మా మేనత్త కొడుకే, నాకు బావ. అనకాపల్లి పక్కన చెరకు పండించే ఇల్లు వాళ్ళది, బావ చిన్నప్పుడే మామయ్య పోతే అత్త ఒక్కతే పొలం చేయించి అతన్ని చదివించింది. ఎగరవలసిన నాడు పొగమంచు విడవక ప్రయాణం మర్నాటికి వాయిదా వేశారు. పోస్టుకి మంచుతో పనిలేదు గదా, పత్రిక ఆ రోజే అత్త చేతికి అందింది. పక్కింటి మిషన్ స్కూలు టీచరమ్మ ఆ ఇంగ్లీషు చదివి, మీవాడు ఎగిరి క్షేమంగా దిగాడని చెప్పింది. అత్త కొత్త బెల్లం దిమ్మ పగలగొట్టి వీధి వీధంతా పంచింది. "మావోడు ఆకాసం సూసొచ్చేడమ్మా, ఇంక నాకేటి కావాల" అని అందరికీ పత్రికలో కొడుకు బొమ్మ చూపించి మురిసిపోయిందట.

మర్నాడు విమానం లేచింది, మొదటి మలుపులోనే కూలిపోయింది. బావా పోయాడు, పైలటూ పోయాడు. నేను రన్‌వే పక్కన నిలబడి ఉన్నాను, నా సంచీలో వాళ్ళిద్దరూ నవ్వుతూ దిగిన సంచిక ఉంది.

బావని పెట్టెలో తీసుకుని నేను ఊరికి వచ్చేసరికి గుమ్మం ముందు జనం ఏడుస్తున్నారు, అత్త ఏడవడం లేదు.

"అది మావోడెక్కిన ఇమానం కాదురా నాన్నా. మావోడు మొన్ననే దిగిపోయేడు, పుస్తకంలో ఏసేరు, టీచరమ్మ సదివింది. మీరు రాసిందే గదా, అబద్దం రాత్తారేటి?"

పెట్టె మూత తీసిన తర్వాత కూడా ఆవిడ ఒకసారి పత్రికలో బొమ్మని, ఒకసారి కొడుకు మొహాన్ని చూసింది. ఏది నిజమో తేల్చుకోవడానికి ఆ తల్లికి పట్టిన ఆ కాసేపూ నేను చచ్చి బతికాను.

కొన్నేళ్ళకి పెద్ద సంపాదకుడి కుర్చీ నాకొచ్చింది. రాగానే, నేల మీద నిలబడి కళ్ళారా చూసిన మన మనిషి వచ్చి చెబితే తప్ప ఒక్క ముక్క అచ్చు వేయబోనన్నాను. యజమానులు సణిగారు, పోటీ పత్రికలు మాకంటే ముందు వచ్చేవి. ఒక ప్రదర్శనకి, ఇంకా ఎగరని విమానం బదులు ఖాళీ రన్‌వే బొమ్మ అట్ట మీద వేస్తే, పెళ్ళికి పిలిచి ఖాళీ విస్తరి చూపించాడని ఢిల్లీ దాకా నవ్వుకున్నారు. నవ్వితే నవ్వారు, నేను మారలేదు. అత్త తను పోయేదాకా నన్ను పల్లెత్తు మాట అనలేదు, వెళ్ళినప్పుడల్లా అన్నం పెట్టేది, పత్రిక సంగతి మాత్రం అడిగేది కాదు. నాలుగు తిట్టినా బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

నిన్న వార్త చూసి ఉండబట్టలేక ఇప్పటి సంపాదకురాలికి ఫోన్ చేశాను, నా దగ్గరే పని నేర్చుకున్న అమ్మాయి. "అన్నీ ముందే తయారు చేసి పెట్టుకుంటాం సార్. కంప్యూటర్ పొరపాటున పంపేసింది, వెంటనే తీసేశాం. అయినా ఫోన్లో వచ్చినవన్నీ ఎవరు నమ్ముతారు చెప్పండి" అంది తేలిగ్గా. రాకెట్ అప్పటికి చక్కగా పైకి వెళ్ళిపోయింది కూడా. ఫోన్ పెట్టేశాను. పెట్టెలో ఉన్న కన్నకొడుకుని కాదని అచ్చులో ఉన్న మాటని నమ్మిన తల్లిని చూసిన భయంతో నేను జన్మంతా పని చేశాను. ఇప్పటివాళ్ళకి ఆ భయం అక్కర్లేదట, వాళ్ళ మాట నమ్మేవాళ్ళు ఎవరూ లేరు కనుక.